పుకారు కెమెరాను లెక్కతో తూచితే

సింగరాయకొండ స్టేషన్‌లో వందే భారత్ ఆగదు. విజయవాడ మీదుగా చెన్నై వెళ్ళే రైలు ఒంగోలు దాటాక మళ్ళీ నెల్లూరులోనే ఆగుతుంది. మధ్యలో ఉన్న ఈ ఊరిని ఒక్క ఊపున దాటేస్తుంది. ప్లాట్‌ఫాం అంచుకు దూరంగా నిలబడి, సైలెంట్ మోడ్‌లో పెట్టిన మామూలు మిర్రర్‌లెస్ కెమెరాతో ఆ రైలును ఫొటో తీసి చూడండి. బోగీ కిటికీలు ఏటవాలుగా, పక్కకు ఒరిగినట్టు కనిపిస్తాయి. పట్టాల పక్కనున్న కరెంటు స్తంభాలు మాత్రం నిటారుగానే ఉంటాయి. లెన్సులో లోపం ఉంటే స్తంభాలు కూడా వంగాలి కదా. అవి వంగలేదంటే తేడా ఎక్కడుందో వేరే వెతకాలి.

తేడా సెన్సర్‌లో ఉంది. కెమెరా మొత్తం దృశ్యాన్ని ఒక్కసారిగా పట్టేస్తుందని అనుకుంటాం. చాలా కెమెరాల్లో అలా జరగదు. సెన్సర్ మీద కోట్ల పిక్సెళ్ళు వేల వరసల్లో పేర్చి ఉంటాయి. సైలెంట్ మోడ్‌లో, అంటే మెకానికల్ షట్టర్ వాడకుండా, తీసినప్పుడు కెమెరా వాటిని పై వరస నుంచి కింది వరస దాకా ఒకదాని తర్వాత ఒకటిగా చదువుతుంది. పత్తిచేలో ఒక్క మనిషే సాలు వెంట సాలు పత్తి తీసుకుంటూ పోతే మొదటి సాలు పొద్దున్నే అయిపోతుంది, చివరి సాలు చేరేసరికి పొద్దు వాలుతుంది. ఫొటో కూడా అలాగే తయారవుతుంది. పైభాగం ఒక క్షణానిది, అడుగుభాగం మరో క్షణానిది. ఈ రెండు క్షణాల మధ్య రైలు ముందుకు జరిగిపోతుంది. దీన్ని రోలింగ్ షట్టర్ అంటారు. మొదటి వరస నుంచి చివరి వరస దాకా చదవడానికి పట్టే సమయం రీడౌట్ టైమ్.

లెక్క చిన్నదే. విజయవాడ–గూడూరు మార్గంలో రైళ్ళకు గంటకు 130 కిలోమీటర్ల వేగం దాకా అనుమతి ఉంది. అంటే సెకనుకు 36 మీటర్లు. రీడౌట్‌కు సెకనులో 15వ వంతు పట్టే కెమెరా అయితే, ఫొటో పై అంచు చదవడం మొదలుపెట్టి కింది అంచుకు చేరేలోగా రైలు 2.4 మీటర్లు జరుగుతుంది. నాలుగు మీటర్ల ఎత్తున్న బోగీ ఫ్రేము నిండా ఉంటే కిటికీలు 30 డిగ్రీలు ఒరిగినట్టు పడతాయి. అదే రీడౌట్ సెకనులో 270వ వంతులో ముగిస్తే రైలు జరిగేది 13 సెంటీమీటర్లే. ఒరుగు రెండు డిగ్రీలకు మించదు, కంటికి ఆనదు. మొత్తం సెన్సర్‌ను ఒకే క్షణంలో పట్టగలిగితే ఒరుగు సున్నా. ఈ మూడోదాని పేరే గ్లోబల్ షట్టర్.

ప్రొఫెషనల్ కెమెరా ఒకటి రాబోతోందన్న పుకారు లేచిన ప్రతిసారీ ఈ మాట ముందుకొస్తుంది. దాని వెనకే పిక్సెళ్ళు రెట్టింపవుతాయంటారు, సెకనుకు వంద ఫ్రేములంటారు, 8కె దాటిన వీడియో అంటారు, దేన్నయినా గుర్తుపట్టే కృత్రిమ మేధ అంటారు. ఇవి విని చేతిలోని కెమెరా మార్చకుండా ఏడాది, రెండేళ్ళు ఆగిపోయే ఫొటోగ్రాఫర్లు మన పట్టణాల్లో తక్కువేమీ కాదు. కెమెరా బాడీ ఒక్కటే ఐదు లక్షలకు పైమాట అయినప్పుడు ఆ తటపటాయింపు సహజం. అయితే ఇలాంటి పుకార్లలో చాలావాటిని కెమెరా వచ్చేదాకా ఆగకుండానే తూచవచ్చు. సెన్సర్‌కూ వెలుతురుకూ వేడికీ కొన్ని హద్దులున్నాయి. ఏ కంపెనీ అయినా వాటి లోపలే పనిచేయాలి.

ఈ విషయంలో కానన్ ఈఓఎస్ ఆర్1 కథ మంచి పాఠం. కానన్ అగ్రశ్రేణి మిర్రర్‌లెస్ కెమెరా ఎలా ఉంటుందన్న ఊహాగానాలు ఏళ్ళ తరబడి సాగాయి. గ్లోబల్ షట్టర్ ఖాయమన్నారు, పిక్సెళ్ళు భారీగా పెరుగుతాయన్నారు. 2024 మే నెలలో కానన్ ఆ కెమెరా తయారవుతోందని మాత్రం చెప్పింది. జులైలో వివరాలన్నీ బయటపెట్టింది. చూస్తే 2.42 కోట్ల పిక్సెళ్ళు, సెకనుకు 40 ఫ్రేములు. గ్లోబల్ షట్టర్ లేదు. అప్పటి ధర అమెరికాలో 6,299 డాలర్లు. ఎదురుచూసినవాళ్ళలో చాలామంది నిరుత్సాహపడ్డారు. కానీ ఆ కెమెరా ఎవరి కోసం తయారైందో చూస్తే ఆ అంకెల్లో తర్కం ఉంది. ఒలింపిక్స్ మైదానం పక్కన కూర్చున్న వార్తాసంస్థ ఫొటోగ్రాఫర్, పరుగు పూర్తయిన నిమిషంలోపే ఫొటోను ఆఫీసుకు పంపాలి. అతనికి ఫైలు చిన్నదిగా ఉండాలి, తక్కువ వెలుతురులో నాయిస్ తక్కువ ఉండాలి. పిక్సెళ్ళు ఎక్కువ కావాలనుకున్నవారి కోసం, తీసిన జేపెగ్‌ను కెమెరా లోపలే 9.6 కోట్ల పిక్సెళ్ళకు పెంచే సాఫ్ట్‌వేర్ పెట్టారు. పెద్ద ఫొటోల పుకారు పూర్తిగా వట్టిది కాలేదు. అనుకున్న దారిలో మాత్రం రాలేదు.

గ్లోబల్ షట్టర్ పుకారు నిజమైంది కూడా, కాకపోతే వేరే కంపెనీలో. 2023 నవంబరులో సోనీ ఆల్ఫా 9 త్రీ ప్రకటించింది. ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్‌తో, గ్లోబల్ షట్టర్‌తో వచ్చిన తొలి మిర్రర్‌లెస్ కెమెరా అదే. 2.46 కోట్ల పిక్సెళ్ళు, సెకనుకు 120 ఫ్రేములు, సెకనులో 80,000వ వంతు దాకా షట్టర్ వేగం. వేగంగా పోయే రైలును తీసినా కిటికీలు నిలువుగానే వస్తాయి.

మరి కానన్ ఎందుకు పెట్టలేదు? జవాబు పిక్సెల్ లోపల ఉంది. పిక్సెల్‌లో పడ్డ వెలుతురు విద్యుదావేశంగా మారుతుంది. అన్ని పిక్సెళ్ళూ ఒకే క్షణంలో ఆగాలంటే, తమ వంతు చదివేదాకా ఆ ఆవేశాన్ని పక్కన దాచుకోవడానికి ప్రతి పిక్సెల్‌లోనూ ఒక చిన్న అర కావాలి. దాని మీద వెలుతురు పడకుండా కప్పి ఉంచాలి. ఆరేడు మైక్రాన్ల వెడల్పు కూడా లేని పిక్సెల్‌లో ఆ అరకు చోటిస్తే వెలుతురు పట్టే భాగానికి చోటు తగ్గుతుంది. ఆల్ఫా 9 త్రీ కనీస ఐఎస్ఓ 250 కావడం దీని ఫలితమే. ఈ తరగతిలోని మిగతా కెమెరాల్లో సాధారణంగా అది 100. అంటే నిండిపోయేలోగా ఈ సెన్సర్ పట్టగల వెలుతురు రెండున్నర రెట్లు తక్కువ. వేగం వచ్చింది, లోతు తగ్గింది.

ఆ లోతు ఎక్కడ కావాలో గుంటూరు, ప్రకాశం మైదానాల్లో ఉన్నవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మిరప కల్లాలు చూడండి. మిట్టమధ్యాహ్నపు ఎండ, కనుచూపు మేర ఎర్రగా పరిచిన కాయలు. ఈ దృశ్యాన్ని ఫొటో తీస్తే చాలాసార్లు కాయలు కనిపించవు. ఒక ఎర్రటి దుప్పటి పరిచినట్టు, ముడతలూ మెరుపులూ తొడిమలూ కలిసిపోయి వస్తుంది. ఫొటోగ్రాఫర్‌కు చేతకాక అలా వచ్చిందనుకుంటారు. నిజానికి అది సెన్సర్ కూర్పులోని సంగతి.

సెన్సర్‌కు రంగులు తెలియవు, వెలుతురు మోతాదు మాత్రమే తెలుసు. అందుకే ప్రతి పిక్సెల్ మీదా ఎరుపు, ఆకుపచ్చ, నీలం వడపోతల్లో ఒకటి పెడతారు. కొడాక్ కంపెనీ శాస్త్రవేత్త బ్రైస్ బేయర్ రూపొందించి 1976లో పేటెంటు పొందిన అమరిక ఇది. పిక్సెళ్ళలో సగం ఆకుపచ్చకు, పావు ఎరుపుకు, పావు నీలానికి. మనిషి కన్ను ఆకుపచ్చ ప్రాంతంలోనే చిన్న తేడాలను బాగా పట్టగలదు కాబట్టి ఆ పంపకం సబబే. మిరప కల్లం దగ్గర మాత్రం ఇది ఎదురు తిరుగుతుంది. ఎండు మిరపకాయ నుంచి వచ్చే వెలుతురు దాదాపుగా ఎరుపే. పావు వంతు ఉన్న ఎరుపు పిక్సెళ్ళు ముందే నిండిపోతాయి; ఆకుపచ్చ, నీలం పిక్సెళ్ళు ఖాళీగా ఉండిపోతాయి. మూడు రంగులను కలిపి చూపే హిస్టోగ్రామ్ మధ్యలోనే ఉండి అంతా సవ్యంగా ఉందని చెబుతుంది. విడిగా ఎరుపు గీతను చూస్తే అది కుడి అంచుకు కొట్టుకుని ఆగి ఉంటుంది. నిండిన పిక్సెల్‌లో కాయ ముడతకూ నునుపుకూ తేడా మిగలదు. ఎక్స్‌పోజర్‌ను ముప్పావు స్టాపో, ఒక స్టాపో తగ్గించి తీసి, నీడలను తర్వాత పైకి లేపుకోవడమే దీనికి మందు. ఆ లేపే పనికే లోతున్న సెన్సర్ కావాలి. కాబట్టి రైలు తీసేవాడికి వరమైన గ్లోబల్ షట్టర్ కల్లం తీసేవాడికి నష్టం. రెండూ ఒకే కెమెరాలో, ఏ రాజీ లేకుండా వస్తాయన్న పుకారు విన్నప్పుడు, సెన్సర్ తయారీలో కొత్త మలుపు ఏదైనా ఉందా అని అడగడం న్యాయం.

అలాంటి మలుపు ఇదివరకు ఒకటి వచ్చింది. 2017లో సోనీ ఆల్ఫా 9తో ఫుల్‌ఫ్రేమ్‌లో స్టాక్డ్ సెన్సర్ మొదలైంది. వెలుతురు పట్టే పొరను పైన పెట్టి, చదివే సర్క్యూట్లనూ మెమరీనీ దాని కింద వేరే పొరల్లోకి దించారు. చదివే వేగం ఒక్కసారిగా పెరిగింది. 2021 అక్టోబరులో ప్రకటించిన నికాన్ జడ్9 ఈ పద్ధతిని ఎంత నమ్మిందంటే మెకానికల్ షట్టర్‌ను పూర్తిగా తీసేసింది. 4.57 కోట్ల పిక్సెళ్ళను దాదాపు సెకనులో 270వ వంతులో చదివేస్తుంది. పైన రైలు లెక్కలో వాడిన రెండో అంకె దానిదే. లోతు పెద్దగా పోకుండా వేగం సంపాదించిన పద్ధతి కాబట్టే కానన్ కూడా ఆర్1లో స్టాక్డ్ సెన్సర్ దగ్గరే ఆగింది.

జడ్9 వారసుడి గురించిన పుకార్లలో గ్లోబల్ షట్టర్ వినిపించడానికి ఒక కారణం ఉంది. 2024లో నికాన్ అమెరికా సినిమా కెమెరాల సంస్థ రెడ్‌ను కొనేసింది. అంతకు రెండేళ్ళ ముందు, 2022లో, వీడియో కుదింపు పేటెంట్ల మీద ఇదే రెడ్ సంస్థ నికాన్ మీద దావా వేసింది. 2023లో ఆ కేసు ముగిసింది. రెడ్ దగ్గర అప్పటికే గ్లోబల్ షట్టర్ ఉన్న సినిమా కెమెరా వి-రాప్టర్ ఎక్స్ ఉంది. రెడ్‌లో ఉన్నది నికాన్‌లోకి వస్తుందని జనం రెండు రెళ్ళు కలిపి నాలుగు అన్నారు. ఆ కలయిక ఫలితంగా 2025 సెప్టెంబరులో నికాన్ జడ్ఆర్ అనే సినిమా కెమెరాను నిజంగానే ప్రకటించింది. అందులో రెడ్ వీడియో ఫార్మాట్ ఉంది, గ్లోబల్ షట్టర్ లేదు. ఫార్మాట్ అంటే సాఫ్ట్‌వేర్, ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి తేలికగా మారుతుంది. సెన్సర్ అలా మారదు.

అసలు గ్లోబల్ షట్టర్ అంత కొత్తదా అంటే, పాత స్టూడియోల వాళ్ళకు ఒక సంగతి గుర్తుండాలి. 2004లో వచ్చిన నికాన్ డి70లో ఫ్లాష్ సెకనులో 500వ వంతు దాకా కలిసేది. ఆనాటి సీసీడీ సెన్సర్ ఎలక్ట్రానిక్‌గా మొత్తం ఒకేసారి ఆగగలగడం వల్ల అది సాధ్యమైంది. సీసీడీని 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో విలార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ కనిపెట్టారు. 2009లో వారికి భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. కరెంటు ఎక్కువ తాగడం, చదివే వేగం తక్కువ కావడంతో సీసీడీ పక్కకు తప్పుకుంది, సీమాస్ సెన్సర్లు వచ్చాయి. వాటితో పాటు రోలింగ్ షట్టర్ వచ్చింది. డి70 నుంచి సీమాస్ కెమెరాకు మారినవాళ్ళకు ఫ్లాష్ వేగం 250 దగ్గర ఆగిపోయింది.

ఆ 250 దగ్గర ఏం పోయిందో పాకల బీచ్‌లో తెలుస్తుంది. సింగరాయకొండ మండలంలోనే ఉన్న ఈ తీరం పెళ్ళి జంటల షూటింగులకు అనువైన చోటు. తూర్పున సముద్రం, పొద్దెక్కాక జంట వెనక నుంచి ఎండ. మొహాలు నల్లబడతాయి కాబట్టి ఫ్లాష్ కావాలి. వెనక అలలు మసకగా కరిగిపోవాలి కాబట్టి లెన్సును ఎఫ్ 2 దాకా తెరవాలి. ఎండలో ఐఎస్ఓ 100కు, ఎఫ్ 16కు షట్టర్ సెకనులో వందో వంతు అన్నది ఫొటోగ్రాఫర్లకు తెలిసిన పాత లెక్క. ఎఫ్ 16 నుంచి ఎఫ్ 2 దాకా వస్తే వెలుతురు 64 రెట్లు పెరుగుతుంది. షట్టర్ 6,400 కావాలి. మెకానికల్ షట్టర్ 250కి పైన ఒక సన్నని చీలికగా సెన్సర్ మీద ప్రయాణిస్తుంది కాబట్టి ఒక్క మెరుపు మెరిసే ఫ్లాష్ ఆ చీలిక మేరకే పడుతుంది, ఫొటోలో మిగతాది నల్లగా మిగులుతుంది. దాన్ని దాటడానికి హై స్పీడ్ సింక్‌లో ఫ్లాష్‌ను వరసగా చిన్న మెరుపులుగా మెరిపిస్తారు. అప్పుడు దాని బలం బాగా తగ్గుతుంది. లేదా లెన్సు ముందు వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టరు బిగిస్తారు. గ్లోబల్ షట్టర్‌లో ఈ తిప్పలేవీ ఉండవు. ఐఎస్ఓ 250లో 16,000 పెట్టుకున్నా ఫ్రేము మొత్తం మీద ఫ్లాష్ పడుతుంది. కాకపోతే ఫ్లాష్ మెరుపు షట్టర్ కంటే ఎక్కువసేపు ఉంటే అందులో కొంత వృథా అవుతుంది. ఎక్కడ ఎంత లాభమో ఇలా విడదీసి చూడాలి.

తలంబ్రాల దగ్గర షట్టర్ వేగం ఇంకో రకంగా అవసరం. దోసిలి నుంచి జారిన బియ్యపు గింజ 20 సెంటీమీటర్లు పడేసరికి సెకనుకు 2 మీటర్ల వేగం అందుకుంటుంది. 250వ వంతులో 8 మిల్లీమీటర్లు జరుగుతుంది. అంటే దాని పొడవు కంటే ఎక్కువ. ఫొటోలో గింజ గీతగా పడుతుంది. 2,000వ వంతు పెడితే ఒక్క మిల్లీమీటరే, గింజ గింజగానే కనబడుతుంది. దీనికి గ్లోబల్ షట్టర్ అక్కరలేదు. మంటపంలో వెలుతురు చాలినంత ఉంటే ఈ రోజు చేతిలో ఉన్న కెమెరాతోనే అవుతుంది.

మంటపం వెలుతురుతో వచ్చే చిక్కు వేరు. మన కరెంటు 50 హెర్ట్జ్. దాని మీద నేరుగా నడిచే చవకరకం ఎల్ఈడీలు సెకనుకు వందసార్లు మెరిసి తగ్గుతుంటాయి, కంటికి తెలియదు. రీడౌట్‌కు 15వ వంతు తీసుకునే కెమెరాలో ఆ వ్యవధిలో ఆరేడుసార్లు వెలుతురు పెరిగి తగ్గుతుంది, పెళ్ళికూతురి పట్టుచీర మీద ఆరేడు అడ్డ చారలు పడతాయి. సైలెంట్ మోడ్‌లో తీసిన ఆల్బమ్‌లో ఇవి కనిపించి గొడవలైన సందర్భాలు చాలామంది ఫొటోగ్రాఫర్లకు అనుభవమే. 270వ వంతు కెమెరాలో చార బదులు కొద్దిపాటి నీడ దిగుతుంది. గ్లోబల్ షట్టర్‌లో చార ఉండదు. అయితే ఒక ఫ్రేము కాస్త వెలుగుగా, పక్క ఫ్రేము కాస్త చీకటిగా రావచ్చు. మంటపంలో సైలెంట్ మోడ్ ఆపి మెకానికల్ షట్టర్‌కు మారడం, షట్టర్‌ను 50కో 100కో దించడం ఇప్పటికీ పనికొచ్చే ఉపాయం.

వంద ఫ్రేముల మాట విన్నప్పుడు గుణకారం చేయాలి. ఆరు కోట్ల పిక్సెళ్ళు, ఒక్కో దానికి 14 బిట్ల సమాచారం అంటే ఒక ఫొటో 105 మెగాబైట్లు. సెకనుకు 120 అంటే 12.6 గిగాబైట్లు. 2023లో ప్రకటించిన సీఎఫ్ఎక్స్‌ప్రెస్ 4.0 టైప్ బి కార్డుల గరిష్ఠ వేగం సిద్ధాంత రీత్యా సెకనుకు 4 గిగాబైట్లు. కాబట్టి కెమెరా కుదింపు చేయాలి, మిగిలింది లోపలి మెమరీలో నింపాలి, నిండగానే నెమ్మదించాలి. ఆల్ఫా 9 త్రీలోనే 120 ఫ్రేముల వేగం దాదాపు 1.6 సెకన్లు నడిచి, 192 ఫొటోల దగ్గర మందగిస్తుంది. సెకనుకు ఎన్ని అన్నది ప్రకటనలో పెద్ద అక్షరాల్లో ఉంటుంది, ఎన్ని సెకన్లు అన్నది చివర చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఒంగోలు గిత్తలు బండ లాగే పందెంలో 1.6 సెకన్లు చాలా? ఎద్దులు గుంజుకుంటూ కదిలే ఆ తొలి క్షణాన్ని పట్టడానికి చాలు. బండ దూరం దాటే దాకా తీయాలంటే చాలవు.

ఎండాకాలం సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఈ ప్రాంతానికి అన్నిటికంటే పెద్ద హద్దు అదే. 2020లో కానన్ ఆర్5 తన 8కె వీడియోతో సంచలనం సృష్టించింది. వేడెక్కి ఆగిపోతుందన్న చర్చ కూడా అంతే పెద్దగా నడిచింది. 8కె రికార్డింగు 20 నిమిషాలని కంపెనీయే చెప్పింది, అదీ 23 డిగ్రీల గది ఉష్ణోగ్రత దగ్గర. మే నెలలో ప్రకాశం జిల్లాలో 23 డిగ్రీలు ఏసీ గదిలోనే దొరుకుతుంది. బయట 40 దాటుతుంది, నల్లటి కెమెరా బాడీ ఎండలో ఇంకా కాలుతుంది. దుమ్మూ వానా లోపలికి పోకుండా మూసేసిన బాడీ కావడంతో లోపలి వేడి చర్మం గుండానే బయటికి పోవాలి. 2022లో కానన్ ఫ్యాన్ పెట్టిన ఆర్5 సి తెచ్చింది దీనికోసమే. వేడికి వీడియో ఆగడమే కాదు, ఫొటో కూడా పాడవుతుంది. వెలుతురు లేకపోయినా సెన్సర్‌లో కారే డార్క్ కరెంటు, ప్రతి 6 నుంచి 8 డిగ్రీలకు దాదాపు రెట్టింపవుతుంది. వీడియో గురించి ఏ పుకారు విన్నా, ఏ ఉష్ణోగ్రతలో, ఎంతసేపు అన్నదే మనం అడగాల్సిన మొదటి ప్రశ్న.

కృత్రిమ మేధ ఫోకస్ పుకార్లు తేలిగ్గానే నిజమవుతాయి, ఎందుకంటే అవి చాలావరకు సాఫ్ట్‌వేర్. జడ్9 వచ్చాక నికాన్ పెద్ద ఫర్మ్‌వేర్ మార్పులతో దాన్ని ఏళ్ళ తరబడి మెరుగుపరుస్తూ వచ్చింది. ఆర్1లో ముందే నమోదు చేసిన పదిమంది మొహాలకు ప్రాధాన్యం ఇచ్చే ఏర్పాటు ఉంది. అడ్డుతెర తీసేసే క్షణంలో చుట్టాల మొహాల మీదికి పోకుండా వధూవరుల మీదే ఫోకస్ నిలవడానికి ఇది నిజంగా పనికొస్తుంది. ఆటల కదలికను ముందే పసిగట్టే ఏర్పాటును మాత్రం ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్, వాలీబాల్‌తో మొదలుపెట్టారు. కబడ్డీ లేదు. జంతువుల్లో కుక్కలు, పిల్లులు, పక్షులు, గుర్రాల పేర్లు చెప్పారు. ఎద్దు లేదు. ఎద్దు మీద అసలు పనిచేయదని కాదు. ఆ వ్యవస్థలకు ఏ ఫొటోలు చూపి నేర్పితే వాటినే బాగా గుర్తుపడతాయి, మన పందేల ఫొటోలు ఆ పాఠంలో తక్కువ. మన దేశం ఇంత పెద్ద మార్కెట్ అయినప్పుడు ఇక్కడి ఫొటోగ్రాఫర్ల సంఘాలు ఈ కోరికను కంపెనీల ముందు గట్టిగా పెట్టాలి. ఫర్మ్‌వేర్‌తో తీరే కోరిక అది.

విలేకరులకు పనికొచ్చే మరో సౌకర్యం, ఫొటో అసలుదేనని కెమెరాయే డిజిటల్ ముద్ర వేయడం. 2023 అక్టోబరులో లైకా ఎం11-పితో ఇది మొదలైంది. 2025లో నికాన్ జడ్6 త్రీకి ఇచ్చిన కొద్దికాలానికే లోపం బయటపడి, సేవ ఆపి, ఇచ్చిన సర్టిఫికెట్లను రద్దు చేయాల్సి వచ్చింది. ఎన్నికల వేళ తప్పుడు ఫొటోలు తిరిగే కాలంలో ఈ ముద్ర ఎంత త్వరగా గట్టిపడితే అంత మంచిది.

పుకార్లు ఎక్కడ పుడతాయో తెలిస్తే వాటి బరువు కూడా తెలుస్తుంది. వైర్‌లెస్ పరికరం ఏదైనా అమ్మకానికి ముందు ఆయా దేశాల్లో నమోదు కావాలి. అక్కడ కొత్త మోడల్ సంకేతం కనబడితే కెమెరా ఒకటి వస్తోందని గట్టిగా నమ్మవచ్చు, అందులో ఏముందో తెలియదు. పేటెంటు దరఖాస్తులు సాధారణంగా 18 నెలలకు బయటపడతాయి. వాటిలో చాలావి వస్తువుగా మారవు. ఇంకోటి క్యాలెండరు. 2012 లండన్, 2016 రియో ఒలింపిక్స్‌కు కొద్ది నెలల ముందు, ఆ తర్వాత టోక్యో కోసం 2020 మొదట్లో, కానన్, నికాన్ రెండూ తమ పెద్ద కెమెరాలను సిద్ధం చేశాయి. ఆర్1ను పారిస్ ఒలింపిక్స్‌కు ముందే ప్రకటించారు. ఎప్పుడు వస్తుందన్న పుకారుకు ఈ లెక్క దన్నుగా నిలుస్తుంది. ఏముంటుందన్న పుకారుకు నిలవదు.

రీడౌట్ లెక్క రైళ్ళకే పరిమితం కాదు. 2024 మార్చి 18న అద్దంకి దగ్గర, కొరిశపాడు ప్రాంతంలో, హైవే మీద కట్టిన అత్యవసర రన్‌వేపై వైమానిక దళం విన్యాసాలు చేసింది. ఏఎన్-32, డోర్నియర్ రవాణా విమానాలు దిగి మళ్ళీ ఎగిరాయి. సుఖోయ్, హాక్ విమానాలు రోడ్డుకు దగ్గరగా వచ్చి పైకి లేచాయి. విమానంతో పాటే కెమెరాను తిప్పుతూ తీస్తే జెట్ విమానాలు మామూలు కెమెరాకూ పెద్ద ఇబ్బంది కాదు. ప్రొపెల్లర్లున్న విమానాలతోనే కష్టం. నిమిషానికి వెయ్యి చుట్లు తిరిగే ప్రొపెల్లర్ ఫ్రేము నిండా ఉంటే, 15వ వంతు రీడౌట్‌లో పూర్తి చుట్టు తిరిగేస్తుంది, రెక్కలు కొడవళ్ళలా వంగి విడిపోతాయి. 270వ వంతులో 22 డిగ్రీలే తిరుగుతుంది. అలాంటి రన్‌వేనే సింగరాయకొండ దగ్గర కలికివాయ వైపు కూడా తలపెట్టారు. అక్కడ విమానాలు దిగే రోజున ఊళ్ళోని ఫొటోగ్రాఫర్లకు రీడౌట్ టైమ్ అన్న అంకె అక్కరకొస్తుంది.

ఆ అంకెను కంపెనీలు సాధారణంగా ప్రకటనలో వేయవు. కొనేవాళ్ళే కనుక్కోవాలి. షోరూంలో అది చిటికెలో అయ్యే పని. కెమెరాను సైలెంట్ మోడ్‌లో పెట్టి, షట్టర్ 2,000కు పెంచి, తిరుగుతున్న సీలింగ్ ఫ్యాన్‌ను ఫ్రేము నిండా ఫొటో తీయండి. రెక్కలు వంగి కనిపిస్తే ఆ కెమెరా సైలెంట్ మోడ్ పెళ్ళి మంటపానికీ పందేలకూ పనికిరాదు, మెకానికల్ షట్టరే వాడాలి. తిన్నగా ఉంటే ధైర్యంగా తీసుకోండి. దాంతో పాటు కనీస ఐఎస్ఓ ఎంత, వీడియో పరీక్ష ఏ ఉష్ణోగ్రతలో చేశారు అని అడగండి. ఈ ముహూర్తాలకు అడ్వాన్సు తీసుకున్నవాళ్ళు రాబోయే కెమెరా కోసం ఆగవలసిన పని లేదు. చేతిలో ఉన్న బాడీ ఫ్యాన్ పరీక్ష నెగ్గితే ఆ ఐదు లక్షల్లో కొంత మంచి లెన్సుకూ, రెండు ఫ్లాష్‌లకూ పెట్టడం ఈ సీజనుకు ఎక్కువ లాభం.